కడుపు చించుకునే కళ

భావోద్వేగ ధైర్యం అంటే, నటన నేర్పే వర్క్‌షాపుల నిఘంటువు ప్రకారం, నలుగురి మధ్య ఏడవగలగడం. దీని జంటపదం వల్నరబిలిటీ. తెలుగులో దీనికి మాట ఇంకా కుదరలేదు. దాపరికం లేకపోవడం అంటే చాలదు, బేలతనం అంటే మెంటర్లు నొచ్చుకుంటారు, మెత్తదనం అంటే ఫీజు వసూలు కాదు. అందుకని మాటను ఇంగ్లీషులోనే ఉంచేసి, పలికేటప్పుడు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకోవడం ఆనవాయితీ అయింది. సిద్ధాంతం చిన్నదే. నటుడి లోపల ఒక గాయం ఉంటుంది, దాని మీద పక్కు కట్టి ఉంటుంది, పక్కు గిల్లితే నటన కారుతుంది. తెలుగువాళ్లు ఈ సంగతిని ఎప్పుడో గమనించి, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని సామెత కట్టుకున్నారు. వర్క్‌షాప్ దాన్ని సవరించింది: కాళ్ల మీద పడేది సర్టిఫికెట్ అని.

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిలో వర్క్‌షాప్ అంటే ఒకప్పుడు లేత్ మిషన్లున్న షెడ్డు. ఇప్పుడు ఏదో సెక్టారులో అద్దెకు తీసుకున్న హాలు కూడా. హైదరాబాద్‌లోనైనా రాయ్‌పూర్‌లోనైనా నడిచే పద్ధతి ఒకటే. తొలి అరగంట పరిచయాలు, ఆ తర్వాత లైట్లు తగ్గించి ఫోన్‌లో వేణువు పెట్టడం. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరూ తమ బతుకులో అన్నిటికంటే కష్టమైన రోజు ఏదో చెప్పాలి. తండ్రి పోయినవాడికి ఇక్కడ మర్యాద ఎక్కువ. ప్రేమ విఫలమైనవాడు మధ్యముడు. అమ్మా నాన్నా ఇద్దరూ నిక్షేపంగా ఉండి, రాత్రి పప్పూ ఆవకాయా వడ్డించి పంపిన ఇంటి కుర్రాడు అందరిలోకీ దురదృష్టవంతుడు. చెప్పుకోవడానికి ఏమీ లేదు కాబట్టి నటుడు కాలేడు. చెప్పి కూడా ఏడవనివాడికి ‘బ్లాక్’ ఉందంటారు. మధ్యలో నవ్వొచ్చినవాడికి ఇంకా పెద్ద బ్లాక్ ఉందంటారు. దానికి రెండో లెవెల్ ఉంటుంది, ఫీజు వేరు. ఏడ్చేవాళ్లలోనూ తరగతులున్నాయి. కళ్లు చెమర్చితే పాసు, ధార కడితే ఫస్ట్ క్లాసు, వెక్కుతూ నేల మీద పడిపోతే వచ్చే బ్యాచ్‌కి ప్రచార వీడియో. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదన్న పాత మాట పోయి, ఏడవని మగాణ్ణి నమ్మకూడదన్న కొత్త మాట వచ్చింది. ఆ మేరకు మెరుగే. ఈ మొత్తం వ్యవహారంలో గాయం విప్పి చూపని మనిషి మెంటర్ గారొక్కరే. ఆయన గాయం సిలబస్‌లో లేదు.

ఈ విద్యకు భిలాయిలో గిరాకీ ఎందుకుంటుందో ఊహించడం కష్టం కాదు. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించాక, ఈ ఊరు ఉక్కుతో పాటు ఇంజనీర్లనూ పోత పోస్తూ వచ్చింది. కోచింగ్ అనే మాటకు ఇక్కడ గుడికున్నంత గౌరవం. 2016లో ఐఐటీ కూడా వచ్చింది. ఫిజిక్స్‌కు కోచింగ్ ఉన్నప్పుడు బాధకు ఎందుకుండకూడదన్నది తార్కికమైన ప్రశ్నే. కాకపోతే ఉక్కు పట్టణం రోజూ చూపించే ఒక సంగతి వర్క్‌షాప్ కంటబడలేదు. ఫర్నేస్ ట్యాపింగ్ చేసినప్పుడు దాదాపు 1500 డిగ్రీల వేడితో కరిగిన ఇనుము కాలువ కడుతుంది. అక్కడ పనిచేసే మనిషి ధైర్యాన్ని ఆ కాలువలో వేలు పెట్టించి పరీక్షించరు. హెల్మెట్, ముఖానికి అడ్డం, వేడిని ఆపే కోటు ఇచ్చి, ఎక్కడ నిలబడాలో చెప్పి, అప్పుడు పనిలోకి దించుతారు. వర్క్‌షాప్‌లో మాత్రం కోటు విప్పడమే మొదటి పాఠం.

పద్ధతికి మూలపురుషుడిగా స్తానిస్లావ్‌స్కీని చెబుతారు. గోడ మీద ఫొటో కూడా ఉంటుంది. నెమిరోవిచ్-దాన్‌చెంకోతో కలిసి 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపించిన ఆయన, నటుడు తన పాత అనుభూతిని తవ్వి తీసి పాత్రకు వాడుకోవచ్చునన్న ఆలోచనను ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో నుంచి తెచ్చుకున్న మాట నిజమే. అయితే ఆయన అక్కడ ఆగలేదు. చివరి ఏళ్లలో, పాత్ర ఆ గదిలోకి ఏ పని మీద వచ్చింది, ఇప్పుడేం చేస్తోంది అన్న దగ్గర మొదలుపెట్టమన్నాడు. పని సరిగ్గా చేస్తే భావం దాని వెనకాలే నడిచి వస్తుందన్నాడు. అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో కొన్ని వారాలు ఆయన దగ్గర పాఠం చెప్పించుకుని, న్యూయార్క్ వెళ్లి, మనం గాయాలు గిల్లుకోవడం మానేసి ఊహకు పని చెప్పాలని తోటివాళ్లతో వాదించింది. వాళ్లలో నటన నేర్పే లీ స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు. అంతటి స్ట్రాస్‌బర్గ్ కూడా, వాడుకునే జ్ఞాపకం కనీసం ఏడేళ్ల పాతదై ఉండాలని షరతు పెట్టేవాడు. ఇవాళ్టి వర్క్‌షాప్‌కు పోయిన నెల విడాకులే ప్రీతి, తాజాగా ఉంటాయి. భిలాయికి ఫర్నేస్ రష్యా నుంచి నేరుగా వచ్చింది, ఇంజనీర్లతో, డ్రాయింగులతో సహా. నటన సిద్ధాంతం మాత్రం న్యూయార్క్ మీదుగా, ముంబై మీదుగా చుట్టు తిరిగి వచ్చింది. దారిలో చివరి అధ్యాయాలు రాలిపోయాయి.

దుఃఖం లేనివాడు ఏడుపును ఎలా చూపిస్తాడన్న చిక్కు కొత్తది కాదు. నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలోనే ఉంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్విక భావాలను లెక్కపెట్టి, వాటికి కావలసింది మనసు నిలపడం అని అక్కడే జవాబు చెప్పారు. నటుడి చిన్ననాటి సంగతులు ఎక్కడా అడగలేదు. ఆ తర్వాత అభినవగుప్తుడు రసం ఉండేది ప్రేక్షకుడిలో అన్నాడు. అంటే ఏడవవలసింది టికెట్ కొన్నవాడు. ఈ ఒక్క సూత్రాన్ని వర్క్‌షాప్ అక్షరాలా పాటిస్తుంది, ఎందుకంటే అక్కడ టికెట్ కొన్నది విద్యార్థే.

తెలుగు రంగస్థలం పరీక్ష ఇంకా మొరటుది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను నడుస్తుంటుంది. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటాడు, రాగం పైకి పాకుతుంది, ముందు వరసలో ఓ రైతు కళ్లు తుడుచుకుని ‘వన్స్ మోర్’ అని కేక వేస్తాడు. నటుడు ఆ దుఃఖాన్ని మొదటి అక్షరం నుంచి మళ్లీ పడాలి. కేక ఇంకోసారి పడితే ఇంకోసారి. సొంత గాయాన్ని నమ్ముకున్నవాడికి రెండో వన్స్ మోర్‌కే గాయం ఎండిపోతుంది. హార్మోనియం శ్రుతిని నమ్ముకున్నవాడు తెల్లవారేదాకా ఊరిని ఏడిపిస్తాడు. స్థానం నరసింహారావు (1902–1971) సంగతి మరీ ఇబ్బంది. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామ. సవతి మీద కుళ్లుకున్న జ్ఞాపకం బాపట్ల మగవాడి దగ్గర ఎక్కడ దొరుకుతుంది? వర్క్‌షాప్‌లో చేరి ఉంటే మొదటి పూటే బ్లాక్ ఉందని తేల్చేవాళ్లు.

భిలాయి వాకిట్లో జరిగిన ప్రయోగం ఒకటుంది. అది వర్క్‌షాపుల చరిత్రలో కనిపించదు. రాయ్‌పూర్‌లో 1923లో పుట్టిన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ 1955లో లండన్ వెళ్లి, రాడా అనే పేరున్న నటనా విద్యాలయంలో చేరి, చదువు ముగించకుండానే బయటికొచ్చాడు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్‌ను చూద్దామని 1956లో బెర్లిన్ చేరేసరికి బ్రెహ్ట్ పోయి కొన్ని వారాలే అయింది. తిరిగొచ్చి 1958లో మృచ్ఛకటికాన్ని ‘మిట్టీ కీ గాడీ’గా ఢిల్లీలో ఆడించడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ఆరుగురు జానపద కళాకారులను తీసుకెళ్లాడు. వాళ్లది నాచా. రాత్రంతా సాగే ఆట. ఆడవేషాలు మగవాళ్లవే, జోకర్లు అప్పటికప్పుడు మాట పుట్టిస్తారు, జనం చుట్టూరా కూర్చుంటారు, నవ్వు ఎటునుంచి వస్తే నటుడు అటు తిరుగుతాడు. అలాంటివాళ్లు తన్వీర్ చేతిలో పడేసరికి కొయ్యబారిపోయారు. వాళ్లలో ఠాకూర్ రామ్ అంతటి నటుడు కూడా. వర్క్‌షాప్ భాషలో, మూకుమ్మడి బ్లాక్.

కారణం దొరకడానికి ఏళ్లు పట్టింది. అది వాళ్ల బాల్యంలో లేదు, తన దర్శకత్వంలోనే ఉందని తన్వీర్ తర్వాత దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. మెంటర్ల వైపు నుంచి వల్నరబిలిటీకి దొరికే అరుదైన ఉదాహరణ ఇదే కావచ్చు. ఛత్తీస్‌గఢీ నాలుకల మీద హిందీ రుద్దాడు. ఈ మాటకు ఇటు, ఆ మాటకు అటు అని అడుగులు గీసిచ్చాడు. రెండూ తీసేశాడు. 1973లో రాయ్‌పూర్‌లో నాచా కళాకారులతో నెల రోజులు కూర్చుంటే ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ పుట్టింది. వాళ్ల భాష, వాళ్ల నడక, వాళ్ల పాటలు. మరుసటి ఏడాది భిలాయిలో, బహిరంగ వేదిక మీద, సత్నామీ శాఖవాళ్ల సభ ముందు ఓ దొంగ కథను ఇంకా ముడి సరుకుగా ఉండగానే ఆడించాడు. విజయ్‌దాన్ దేథా రాజస్థానీలో చెప్పిన జానపద కథ అది. ‘చరణ్‌దాస్ చోర్’ అనే పేరుతో 1975కి పూర్తి నాటకమైంది, అదే ఏడు శ్యామ్ బెనెగల్ సినిమా తీశాడు, 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్‌లో బహుమతి కొట్టింది. అబద్ధమాడనని గురువుకు మాటిచ్చిన దొంగ ఆ మాట కోసం ప్రాణం పోగొట్టుకుంటాడు. సత్యమే దేవుడనే సత్నామీలకు అది పరాయి కథ కాదు. నటులనెవరూ గుండ్రంగా కూర్చోబెట్టి కష్టాలు చెప్పమనలేదు. కష్టాలు లేక కాదు.

నేర్చుకునేవాడు నలుగురిలో చూపడానికి జంకేది గాయాన్ని అని వర్క్‌షాప్ అనుకుంటుంది, లేదా అనుకున్నట్టు కనిపిస్తుంది. గాయం చెప్పుకుంటే ఇప్పుడు జాలీ దొరుకుతుంది, చప్పట్లూ దొరుకుతాయి. జంకంతా మామూలు సంగతుల దగ్గర ఉంది: యాస, గొంతు, నడక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడం, పేలని జోకు తర్వాత హాల్లో పరుచుకునే నిశ్శబ్దం. భిలాయిలోని ఖుర్సీపార్‌లో పెరిగిన ఉత్తరాంధ్ర కుటుంబపు మూడోతరం కుర్రాణ్ణి ఊహించుకుంటే చాలు. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ, అమ్మమ్మతో తెలుగు. వర్క్‌షాప్‌లో తన ప్రేమ వైఫల్యాన్ని ఇంగ్లీషు కలిపిన హిందీలో, టీవీలో విన్న గొంతుతో చెప్పి ధారగా ఏడవగలడు. అమ్మమ్మతో ‘ఏటి సేస్తన్నావు’ అనే గొంతుతో ఒక్క వాక్యం వేదిక మీద అనమంటే చెమటలు పడతాయి. నాట్యశాస్త్రం లెక్కపెట్టిన ఎనిమిదిలో రెండోది. ఆ చెమట కోసం అడిగే మెంటర్ అరుదు. ఆ యాస పోగొట్టడానికి వేరే బ్యాచ్ పెట్టేవాళ్లకు కొదవలేదు.

భిలాయికి దగ్గర్లో గనియారి అనే ఊరుంది. తీజన్ బాయి 1956లో అక్కడే పుట్టింది, పార్ధీల ఇంట్లో. తాత బ్రిజ్‌లాల్ పాడుతుంటే విని మహాభారతం నేర్చుకుంది. ఆ కథాగానం పేరు పండవానీ, దానికి రెండు బాణీలు: కూర్చుని పాడేది వేదమతి, లేచి నిలబడి ఆడుతూ పాడేది కాపాలిక. ఆడవాళ్లకు మొదటిది చాలన్నారు. పదమూడేళ్ల వయసులో, చంద్రఖురి గ్రామంలో, పది రూపాయలకు, ఆ పిల్ల లేచి నిలబడి పాడింది. పాడినందుకు కులం వెలివేసింది. సొంతంగా గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగును గిన్నెలూ తిండీ అడిగి తెచ్చుకుని బతికింది తప్ప పాట మానలేదు. తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్.

వర్క్‌షాప్ లెక్కన ఇది గని. వెలి, ఆకలి, పన్నెండేళ్లకే పెళ్లి: ఒక్క శనివారానికి కాదు, ఏడాది డిప్లొమాకు సరిపడా సరుకు. వేదిక ఎక్కితే ఆమె చెప్పింది మాత్రం భీముడి సంగతి, దుశ్శాసనుడి సంగతి. చేతిలో తంబూరా ఒక క్షణం గద, మరుక్షణం అర్జునుడి విల్లు, ఆ తర్వాత ద్రౌపది జుట్టు. పక్కన రాగీ, బుర్రకథలో వంతలాగా, ఊ కొడుతూ ప్రశ్నలు వేస్తుంటాడు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చే ఘట్టంలో గొంతు బొంగురుపోయి, కాలు నేలను తన్నేటప్పుడు, ఆ కోపం ఏ జ్ఞాపకంలోంచి తెచ్చావని అడిగే తీరిక వినేవాడికి ఉండదు. పెద్ద జడుపు ఆమెకు ఒకటే ఎదురైంది, అది కూర్చున్న చోటి నుంచి లేవడం. వర్క్‌షాప్ క్రమం దీనికి తలకిందులు, నిలబడి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి మొదలుపెడుతుంది.

చేరినవారికి ముందుగా ఒక కాగితం ఇస్తారు. వెంట తెచ్చుకోవలసినవి: వదులు దుస్తులు, నీళ్ల సీసా, నోటు పుస్తకం, చేతిరుమాళ్లు రెండు. ఏడుపు రాకపోయినా ఫీజు వాపసు ఉండదు.