కొత్త నాస్‌లోంచి ముందు ఒక డిస్కు పీకండి

పెళ్లి వీడియోలు తీసే స్టూడియో వాళ్లకి, పదిహేనేళ్ల ఫొటోలు పోగుపడ్డ ఇంటివాళ్లకి, నలుగురు పనిచేసే ఆడిటర్ ఆఫీసుకి ఇప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే: నాస్ కొనుక్కోండి. మంచి మాటే. నెట్‌వర్కుకి తగిలించిన ఆ చిన్న పెట్టెలో డిస్కులు పెట్టుకుంటే కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ ఒక్క చోటే దాచుకుంటాయి. నా పేచీ ఆ తర్వాత వచ్చే సలహాలతో. నాలుగు డిస్కులూ ఒకే షాపులో ఒకే బిల్లు మీద తీసుకోండి, ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కుల్ని కలిపే రెయిడ్ 5 పెట్టండి, ఫోన్లో యాప్ వేసుకుని ఏ ఊళ్లో ఉన్నా చూసుకోండి, ఇక నిశ్చింత అంటారు. డిస్కు పోయిన రోజున ఏం చేయాలో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. డిస్కు పోవడం ఖాయం, ఎప్పుడన్నదే తెలియదు. నాస్‌ని ఆ రోజు కోసం కొనాలి, ఆ రోజు కోసం సెట్ చేయాలి. అలా చూస్తే చేయాల్సిన పనులు కొన్ని తిక్కగా కనిపిస్తాయి. కనిపించినా ఫర్వాలేదు, చేయండి.

మొదటిది శీర్షికలోనే చెప్పాను. డిస్కులన్నీ కలిసిన వాల్యూమ్ తయారయ్యాక, మీ ఫైళ్లేవీ ఎక్కించకముందే, పోయినా బాధలేని వీడియోలు ఓ వంద జీబీ కాపీ చేయండి. అందులో ఒకటి ప్లే చేసి, అది ఆడుతుండగానే ఒక ట్రే బయటికి లాగేయండి. నడుస్తుండగా డిస్కు మార్చే వీలు లేని మోడల్ అయితే ఆపి, తీసి, మళ్లీ ఆన్ చేసి వీడియో ప్లే చేయండి. పెట్టె బీప్ బీప్‌మని అరుస్తుంది, లైటు రంగు మారుతుంది, స్క్రీన్ మీద డిగ్రేడెడ్ అని పడుతుంది. వీడియో మాత్రం ఆగదు. రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసే మిర్రర్ అయితే రెండో డిస్కులోంచి చదువుకుంటుంది. రెయిడ్ 5 అయితే మిగిలిన డిస్కుల్లోని డేటానీ, పారిటీ అనే అదనపు లెక్కనీ కలిపి, పోయిన ముక్కని అప్పటికప్పుడు లెక్కగట్టి ఇస్తుంది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఈ పద్ధతి మీద పేపర్ రాశారు. దాన్ని మీ టేబుల్ మీద మీ కళ్లతో చూడటం వేరు.

ఇప్పుడు ఫోన్ తీసి చూడండి. హెచ్చరిక మెయిల్ వచ్చిందా? చాలా ఇళ్లలో రాదు. ఎవరూ మెయిల్ సెట్ చేసి ఉండరు, లేదా అది స్పామ్‌లో పడి ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేసునే తుడిచేశారు. బ్యాకప్‌లు చూస్తే, రోజూ తీయాల్సిన కాపీ చాలాకాలంగా తీయడమే లేదు. అది విఫలమవుతోందని వెళ్లాల్సిన మెయిళ్లను మెయిల్ సర్వరు తిప్పికొడుతోంది. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. అంత పెద్ద సంస్థలోనే మెయిల్ చేరకపోతే ఎవరికీ తెలియలేదు. మీ నాస్ మూల గదిలో అరుస్తుంటే, ఏసీ మోతలో ఎవరికి వినిపిస్తుంది?

ట్రే చేతిలో ఉన్నప్పుడే ఇంకో పని. డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగు అంకెలు మాస్కింగ్ టేపు మీద రాసి ట్రే ముందు అతికించండి. అన్ని ట్రేలకీ అంతే. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోయి, కంగారులో దాని పక్కనున్న మంచిదాన్ని లాగేస్తే వాల్యూమ్ అక్కడికక్కడే కూలిపోతుంది. టేపు ముక్క ఉంటే ఆ భయం లేదు. తర్వాత డిస్కు తిరిగి పెట్టి రిపేర్ నొక్కండి. నిజంగా పోయిన రోజున కొత్త డిస్కుని ఇలా నింపడానికి, అంటే రీబిల్డ్‌కి, ఎంతసేపు పడుతుందో కూడా తెలిసుండాలి: 8 టీబీ డిస్కుని సెకనుకు 150 ఎంబీ చొప్పున ఎక్కడా ఆగకుండా రాసినా 15 గంటలు. మధ్యలో ఎడిటింగ్ కూడా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అన్ని గంటలూ నాస్ మిగతా డిస్కుల్ని మొదట్నుంచీ చివరిదాకా చదువుతూనే ఉంటుంది. అన్నీ ఒకే రోజు కొన్నవైతే, ఒకే వయసువైతే, ఇంకోటి పోయేది సరిగ్గా అప్పుడే.

అందుకే డిస్కులు రెండు షాపుల్లో, వీలైతే రెండు కంపెనీలవి కొనండి. బేరంలో కొంచెం నష్టపోతారు, పోనివ్వండి. కొనేముందు మోడల్ నంబరు చూసి అది సీఎంఆర్ రకమో ఎస్ఎంఆర్ రకమో తెలుసుకుని, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమే తీసుకోండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కిందిది మార్చాలంటే దాని మీద పడ్డవన్నీ మళ్లీ రాయాలి. రీబిల్డ్ సమయంలో ఇది ప్రాణం తీస్తుంది. నాస్ కోసమే అని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఈ రకమేనని 2020లో బయటపడింది. కాబట్టి పెట్టె మీద నాస్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి.

నాలుగు డిస్కులకి డబ్బుంటే రెండే నాస్‌లో పెట్టండి. ఈ మాట అనగానే చాలామంది ఒప్పుకోరు. 8 టీబీవి నాలుగు పెట్టి రెయిడ్ 5 చేస్తే 24 టీబీ వస్తుంది కదా, రెంటిని మిర్రర్ చేస్తే ఎనిమిదేగా అంటారు. నిజమే. కానీ రెయిడ్ కాపాడేది డిస్కు చెడినప్పుడు మాత్రమే. పొరపాటున ఫోల్డరు తుడిచేస్తే అన్ని డిస్కుల్లోనూ తుడుచుకుపోతుంది. దొంగ పెట్టె మొత్తం ఎత్తుకుపోతాడు. మిగిలిన రెండు డిస్కులూ బ్యాకప్‌కి వాడండి: ఒకటి మీ దగ్గర బీరువాలో, ఇంకోటి వేరే ఊళ్లో అక్కయ్య ఇంట్లోనో అత్తగారింట్లోనో. నెలకోసారి ఒకదాన్ని తెచ్చి, కొత్తవి ఎక్కించి, రెండోదాన్ని పంపండి. బ్యాకప్ డిస్కు మిగతా సమయంలో దేనికీ తగిలించి ఉండకూడదు.

స్టూడియోలకి చోటు నిజంగానే సమస్య. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు చెరో ఎనిమిది గంటలు తీస్తే ఒక్క పెళ్లికే 720 జీబీ. ఇది ఎన్ని డిస్కులు కొన్నా తీరేది కాదు. ఆల్బమ్ ఇచ్చాక ఆరు నెలల వరకే రా ఫుటేజ్ ఉంచుతామని ఒప్పంద పత్రంలోనే రాసి, పెళ్లివారికి చదివి వినిపించి, గడువు దాటాక తీసేయండి. అందరివీ ఎప్పటికీ ఉంచుతామని మాటిచ్చి, ఒక్కదానికీ బ్యాకప్ లేకుండా ఉండటంకన్నా ఇది మర్యాదైన పద్ధతి.

ఫోన్లో యాప్ సంగతి. సెట్టింగుల్లో బయటినుంచి నేరుగా లోపలికి రానిచ్చేవి, అంటే యూపీఎన్‌పీ, పోర్ట్ ఫార్వర్డింగ్, రెండూ ఆపేయండి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే ముఠా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లని 7-జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి మూసేసి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. అదే ఏడాది జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలు దాడికి గురై, ఎవరూ ముట్టకుండానే ఫ్యాక్టరీ రీసెట్ అయిపోయాయి. జనం లేచి చూసేసరికి ఫోల్డర్లు ఖాళీ. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ఇంకో ముఠా వచ్చింది. ఊళ్లో లేనప్పుడు ఫొటోలు చూసుకోవాలంటే వీపీఎన్ పెట్టుకోండి. రెండు నొక్కులు ఎక్కువవుతాయి, అంతే. అడ్మిన్ అనే పేరుతో ఉన్న ఖాతాని కూడా మూసేసి, వేరే పేరుతో ఒకటి తెరవండి.

కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ కొనేటప్పుడు నాస్‌ని గంటసేపు నడిపించేది వెతక్కండి. అయిదు నిమిషాలు మోసి, నాస్‌ని పద్ధతిగా ఆపించగలిగేది చాలు. దానికి యూపీఎస్‌నుంచి నాస్‌కి యూఎస్‌బీ కేబుల్ ఉండాలి. చవక రకాల్లో చాలావాటికి ఆ పోర్టే ఉండదు. ఉన్నచోట కేబుల్ కవరు విప్పకుండా అట్టపెట్టెలోనే పడి ఉంటుంది. తగిలించి, సెట్టింగుల్లో ఆన్ చేసి, గోడ స్విచ్ ఆపి చూడండి.

కాపీ నెమ్మదిగా ఉందని కొత్త మోడల్ కొనకండి. ముందు కేబుల్ మార్చండి. లోపల ఒక జత తీగ తెగినా లింకు 100 మెగాబిట్లకి పడిపోవచ్చు. రెండున్నర గంటల్లో అయ్యే ఒక టీబీ కాపీకి అప్పుడు దాదాపు ఒక రోజు పడుతుంది.

ఫైళ్లు ఆ క్షణాన ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకునే స్నాప్‌షాట్లు రోజుకొకటి పెట్టి, నెలకోసారి కావాలనే ఒక ఫోల్డరు తుడిచేయండి. ఖరీదైనదొద్దు, కానీ నిజంది కావాలి. స్నాప్‌షాట్‌లోంచి వెనక్కి తెచ్చి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోండి. అప్పటిదాకా అది పనిచేస్తుందని అనుకోవడమే, తెలియడం కాదు.

చివరిగా, పాస్‌వర్డులు కాగితం మీద రాయండి. రాయొద్దని అందరూ చెప్తారు, తెలుసు. కంప్యూటరుకి అతికించొద్దు, బీరువాలో పొలం పత్రాల పక్కన పెట్టండి. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసి, తాళం మీ బుర్రలో మాత్రమే ఉంటే, మీకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడ్డ రోజున స్టూడియో మూతపడుతుంది. ఖాతా పేరు, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ కీ, బ్యాకప్ డిస్కు ఎవరింట్లో ఉంది, దాన్ని ఏ కంప్యూటరుకి తగిలించి ఏ ప్రోగ్రాముతో తెరవాలి, అన్నీ తెలుగులో వరసగా రాయండి. తర్వాత ఒక ఆదివారం నాస్ ఆపేసి, ఆ కాగితాన్నీ బ్యాకప్ డిస్కునీ మీ ఇంటావిడకో అసిస్టెంటుకో ఇచ్చి, ఫలానా పెళ్లిలో తలంబ్రాల క్లిప్ తీయమనండి. మీరు కుర్చీలోంచి లేవొద్దు, నోరు విప్పొద్దు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో చూసి, ఆ చోట కాగితంలో ఇంకో వాక్యం కలపండి.