వెతకొద్దన్న కంప్యూటర్

అమెరికాలో నేరస్థలంలో దొరికిన తుపాకీని మొదట ఎవరు కొన్నారో తేల్చాలంటే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో, తుపాకుల చట్టాలు అమలు చేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ కేంద్రానికి కబురెళ్లాలి. మూతపడ్డ తుపాకుల దుకాణాల చిట్టాలన్నీ చేరేది అక్కడికే. వాటిని స్కాన్ చేయొచ్చు గానీ, కొన్నవారి పేరు కొట్టి వెతకకూడదట! పాపం, సిబ్బంది పేజీలు తిప్పుకోవాలి. అలా వెతికే జాబితా ఉంటే సర్కారు రేపు తుపాకులు లాక్కుంటుందని తుపాకీదారుల భయం. కానీ పేర్లున్న కాగితాలు ఇప్పటికే సర్కారు గోదాములోనే ఉన్నాయి కదా! అంటే పౌరుడి గోప్యతకు అక్కడ కాపలా కాస్తున్నది నత్తనడకే. 1986లో వచ్చిన తుపాకుల చట్టం డీలర్లకూ ఓ మర్యాద చేసింది: వారంటు లేని సాధారణ తనిఖీ ఏడాదికి ఒక్కసారి మించకూడదు. ఆ ఒక్కసారికీ ఇన్‌స్పెక్టర్లు చాలక, చాలా దుకాణాల గడప ఏళ్ల తరబడి ఎవరూ తొక్కరు.

నేరగాళ్లు లైసెన్సు దుకాణంలో కొంటారా అని అడుగుతారు. చాలామంది కొనరు, నిజమే. కానీ చేతులు మారుతూ వారిదాకా వచ్చే తుపాకీ చాలావరకు తొలుత అమ్ముడయ్యేది ఆ కౌంటర్‌మీదే. ఏటీఎఫ్ 2000లో బయటపెట్టిన లెక్క ప్రకారం, అప్పటి డీలర్ల దాకా ఆరా తేలిన నేర తుపాకుల్లో సుమారు 57 శాతం 1.2 శాతం మంది దగ్గరే తేలాయి. పెద్ద దుకాణాలు ఎక్కువ అమ్ముతాయి కాబట్టే ఆ లెక్క అంటారా? సరే, ఆ కొద్దిమంది దగ్గరికే తరచూ వెళ్లనివ్వండి, నిజాయతీపరులకూ తెరిపి. ఊహూఁ, చట్టం అందరినీ సమానంగా చూస్తుంది. మూడేళ్ల రెన్యువల్‌కు రుసుమూ సమానమే, 90 డాలర్లు.