ధనకోటి

మా తోడల్లుడు ధనకోటి రాస్తున్నాడు. రామకోటి లాంటిదే, కాకపోతే 'శ్రీరామ' బదులు 'నేను కోటీశ్వరుణ్ణి' అని రాయాలి. రోజుకు 108 సార్లు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చన్నీళ్లు పోసుకొని, తూర్పు తిరిగి కూర్చొని. రామకోటి పుస్తకం గుడి దగ్గర ఊరికే ఇచ్చేవారు. ఈ పుస్తకం 1,499 రూపాయలు, జీఎస్టీ అదనం. పుణ్యానికి లేని పన్ను ఐశ్వర్యానికి పడింది.

ఇదంతా ఒక ఆదివారం హైదరాబాద్‌లోని ఫంక్షన్ హాల్లో మొదలైంది. ధనవంతులయ్యే పాఠానికి ప్రవేశం 99 రూపాయలు. "అన్నయ్యా, మీరూ రండి. ముందు మీ ఆలోచన మారాలి" అని నన్నూ లాక్కెళ్లాడు. ముందురోజు రాత్రి అక్కడ ఎవరిదో పెళ్లయినట్టుంది, బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. పెళ్లికొడుకు కూర్చున్న కుర్చీలోనే గురువుగారు. సూటు, చెంపకు మైకు. "డబ్బంటే ఏమిటి?" అని అడిగారు. హాల్లో ఎవరూ పలకలేదు. "డబ్బు ఒక ఎనర్జీ!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇంటి కరెంటు బిల్లు గుర్తొచ్చి నేనూ కొట్టాను.

ఆయన సిద్ధాంతం తేలికైనదే. మనిషి పేదవాడు కావడం జీతం చాలక కాదు, మనసు చాలక. చిట్టీ కట్టేవాళ్లది, ఎఫ్‌డీ వేసేవాళ్లది, పండక్కి గ్రాము బంగారం కొనుక్కునేవాళ్లది 'పూర్ మైండ్‌సెట్'. మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాల కింద నోట్లు మడిచి పెట్టేది. వాటితోనే మా ముగ్గురి పరీక్ష ఫీజులూ కట్టింది. అలా దాచి దాచి ఆవిడ దారిద్ర్యాన్ని ఆకర్షించిందని ఆ ఆదివారం దాకా నాకు తెలియదు.

తర్వాత తెర మీద టీ గ్లాసు బొమ్మ వేశారు. రోజుకు రెండు టీలు, గ్లాసు 10 రూపాయలు. నెలకు 600. దాన్ని నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెడితే 12 శాతం రాబడితో 30 ఏళ్లకు 21 లక్షలు! హాలంతా ఊపిరి బిగబట్టింది. వెనక వరసలో ఒకాయన చేతిలో పేపర్ కప్పును నేరం చేసినవాడిలా కుర్చీ కింద పెట్టేశాడు. ఇంటికెళ్లి నేనూ లెక్క వేశాను. గురువుగారి లెక్క తప్పు కాదు, 21 లక్షలు వస్తాయి. కాకపోతే ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే అప్పటి ఆ 21 లక్షలు ఇవాళ్టి 3 లక్షల 70 వేలతో సమానం. అదీ 30 ఏళ్లూ 12 శాతం సగటు తగ్గకుండా ఉంటేనే. అంటే 21,900 టీలు త్యాగం చేసినవాడు చివరికి అపార్ట్‌మెంట్లో కారు పార్కింగ్ కొనుక్కోవచ్చు. కారు కోసం కాఫీ కూడా మానాలి.

చక్రవడ్డీ మీద నాకేం కోపం లేదు. కాకపోతే దాన్ని మనవాళ్లకు కొత్తగా పరిచయం చేస్తున్నట్టు మాట్లాడితేనే నవ్వొస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసిన ప్రతి ఇంటికీ చక్రవడ్డీ తెలుసు, అవతలి గట్టు నుంచి. నోటు ఏడాదికోసారి తిరగరాస్తూ పోతే నాలుగో ఏడు నడుస్తుండగానే అప్పు రెట్టింపవుతుంది. గురువుగారి సిప్‌లో వేసిన రూపాయి రెట్టింపు కావడానికి ఆరేళ్లు. అప్పు నెత్తిన పెట్టుకొని సిప్ కట్టేవాడు కుండకు చిల్లి ఉంచి నీళ్లు మోస్తున్నట్టే. ఈ ముక్క చెప్పడానికి సూటూ మైకూ అక్కర్లేదు, అందుకే ఎవరూ చెప్పరు.

ఇక తెల్లవారుజామున లేవడం సంగతి. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. ఆంధ్రాలో ఇంటికి సగటు అప్పు 2 లక్షల 45 వేలు, దేశంలోకెల్లా ఎక్కువ. కోడి కన్నా ముందు లేచి, చన్నీళ్లు ముఖాన కొట్టుకొని, తూర్పు తిరిగి పొలానికి పోయేవాళ్లు వీళ్లే. పుస్తకంలో 108 సార్లు రాయకపోవడం ఒక్కటే వీళ్లు చేసిన పొరపాటు.

93 అనే అంకెకూ మనకూ ఏదో గ్రహసంబంధం ఉన్నట్టుంది. 2021-22 నుంచి మూడేళ్లలో షేర్ మార్కెట్ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తేల్చింది. తలకు సగటున దాదాపు 2 లక్షలు. మా తోడల్లుడు ఆ 93లో ఒకడు. గురువుగారి రెండో మెట్టు కోర్సు 49,999 రూపాయలు, 'ఇవాళ ఒక్కరోజే'. అది ఆప్షన్స్ గురించే. డబ్బు పోయిందని ఫోన్ చేస్తే, "మీ మనసులో భయం ఉంది, అదే మార్కెట్‌కు తెలిసిపోయింది" అన్నారట. లాభమొస్తే గురువు గొప్ప, నష్టమొస్తే శిష్యుడి మనసు. మొక్కు తీరకపోతే భక్తిలో లోపమున్నట్టే.

అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ బొమ్మ లేకుండా ఇలాంటి సభ ముగియదు. 1958లో కొన్న ఇంట్లోనే ఉంటాడు, పుస్తకాలు తెగ చదువుతాడు, కాబట్టి మీరూ చదవండి. నిజమే. వాళ్ల నాన్న స్టాక్ బ్రోకరు, ఆపైన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు అన్న సంగతీ, పిల్లాడు పదకొండో ఏటే షేర్లు కొన్న సంగతీ, ఆస్తిలో సింహభాగం అరవై దాటాకే పోగైన సంగతీ ఆ స్లైడులో పట్టలేదు. పదకొండో ఏట మనవాళ్లు ఎక్కాల పుస్తకం కొనుక్కుంటారు.

అయినా అంత దూరం ఎందుకు? 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో హెచ్‌ఎండీఏ భూములు వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ చుట్టుపక్కల పొలమున్న తాతలు ఏ పూట లేచారో, ఏం డైరీ రాశారో ఎవరూ అడగరు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎవరి గట్టు పక్కగా వెళ్లిందన్నదే అసలు అలవాటు. దాన్ని అలవరచుకోవాలంటే పుట్టుకకు ముందే కొంచెం ముందుచూపు ఉండాలి.

మొన్న వాళ్లింటికి వెళ్లాం. కోర్సు ఈఎంఐలు ఆగిపోతే మా మరదలు చిట్టీ పాడి కట్టేసింది, ఆ పూర్ మైండ్‌సెట్ చిట్టీయే. తోడల్లుడు పడుకొని ఉన్నాడు, ఉదయం పదవుతోంది. బల్ల మీద ధనకోటి పుస్తకం కనిపించింది. ముందు పాతిక పేజీల నిండా కోటీశ్వరుడు, ఆ తర్వాత ఖాళీ. వెనక నుంచి తిప్పితే మరదలి చేతిరాత: పాలు, పేపరు, గ్యాసు, చిట్టీ బాకీ.

"కాగితం మంచి దళసరిగా ఉంది బావగారూ. మీకూ అంటగట్టారటగా ఒకటి, వాడకపోతే పంపించండి" అంది.