కొట్టింది కంప్యూటర్

ఏ తరం హెవీవెయిట్ బాక్సర్ గొప్పో తేల్చే పనిని 1967లో అమెరికాలో ఒక కంప్యూటర్‌కు అప్పగించారు.

రేడియో నిర్మాత ముర్రే వొరోనర్ రికార్డులన్నీ దానికి మేపాడు. అది తేల్చింది: ముహమ్మద్ అలీ, జిమ్ జెఫ్రీస్ చేతిలో చిత్తు.

జెఫ్రీస్ 1953లోనే పోయాడు. అప్పటికి అలీకి 11 ఏళ్లు.

తగలని గుద్దుకు అలీ కోర్టుకెక్కాడు. పరువు నష్టం దావా, 10 లక్షల డాలర్లకు.

రాజీ 10 వేల డాలర్ల దగ్గర కుదిరింది. షరతు: రాకీ మార్సియానోతో కెమెరా ముందు ఉత్తుత్తి పోరు.

మార్సియానో 1956లోనే రిటైరయ్యాడు. 1969లో పొట్ట తగ్గించి, బట్టతలపై విగ్గు పెట్టి బరిలో దిగాడు.

ముగింపులు రకరకాలుగా తీసిపెట్టుకున్నారు. ఎవరు గెలిచారో కొట్టుకున్న ఇద్దరికీ తెలియదు.

సినిమా 1970 జనవరిలో విడుదలైంది. ఫలితం చూడటానికి మార్సియానో లేడు. అంతకు కొన్ని నెలల ముందే విమాన ప్రమాదంలో మరణించాడు.

అమెరికా తెరపై 13వ రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. ఐరోపాకు వెళ్లిన ప్రతిలో అలీ గెలిచాడు.

కంప్యూటర్ పక్షపాతం చూపలేదు. టికెట్ ఎక్కడ తెగితే అక్కడివారి మాటే నెగ్గించింది.