మోటారు మోజు

తోసేది మోటారే అనుకున్నాను. మినీ సుమో రోబో కట్టిన మొదటి రోజుల్లో నా ఆలోచనంతా దాని చుట్టూనే తిరిగింది. ఎదుటి రోబోను బరి బయటికి తోయాల్సిన, జపాన్ నుంచి వచ్చిన ఈ ఆట నిబంధనలు నాకు కంఠతా వచ్చు: బరువు 500 గ్రాములు దాటకూడదు, 10 సెంటీమీటర్ల చదరంలో ఇమడాలి, బరి వ్యాసం 77 సెంటీమీటర్లు. చక్రానికీ బరికీ మధ్య ఏం జరుగుతోందో మాత్రం ఒక్కసారైనా వంగి చూడలేదు.

కాగితం మీద లెక్క వేసినా తెలిసేది. టైరుకు ఘర్షణ గుణకం 0.8 అనుకుందాం. బరువంతా చక్రాల మీదే పడినా, నేల ఇచ్చే పట్టు 400 గ్రాముల బరువుకు సమానం, అంతే. చక్రం వ్యాసార్ధం 1.5 సెంటీమీటర్లు కాబట్టి రెండు మోటార్లకూ కలిపి 0.6 కేజీ-సెంటీమీటర్ల టార్కు చాలు. నేను కొన్నవాటికి దానికి ఎన్నో రెట్లుంది. ఆ టార్కు కోసం వేగాన్ని వదులుకున్నాను. తీరా ఢీకొన్నాక నా చక్రాలు ముందుకే తిరుగుతున్నాయి, రోబో వెనక్కి పోతోంది. బండలాగుడు పోటీల్లో ఎద్దు గిట్టలు నేలలో ఊనుకుంటేనే బండ కదలడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి, నాకు ఇది తట్టకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అంతకంటే పెద్ద తెలివితక్కువతనం ముందున్న కాస్టర్ బాల్ దగ్గర చేశాను. వెనక చక్రాలను వంటింటి తూకం మీద, కాస్టర్‌ను అంతే ఎత్తున్న పుస్తకం మీద పెట్టి చూస్తే తూకం 310 గ్రాములే చూపించింది. మిగతా 190 గ్రాములు ఏ మోటారూ తిప్పని గోళీ మీద పడి ఉన్నాయి. బ్యాటరీని ఇరుసు మీదికి జరిపితే చక్రాల మీద బరువు 430కి చేరింది. పైసా ఖర్చు కాలేదు.

టైర్లను ఇప్పుడు ప్రతి ఆటకు ముందూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తాను. శుభ్రంగా కనిపించే టైరు నుంచి కూడా గుడ్డకు నల్లటి పొడి అంటుకుంటుంది. జిగురు పూస్తే కుదరదు. రోబోను ఏ4 కాగితం మీద పెట్టి ఎత్తినప్పుడు కాగితం అంటుకుని పైకి వస్తే ఆడనివ్వరు, అది న్యాయమే.

ఇక మిగిలింది ముందు బ్లేడు. ఎదుటి రోబో దాని మీదికి ఎక్కితే అవతలి చక్రాల మీద బరువు తగ్గుతుంది, ఆ మేరకు పట్టూ పోతుంది. బ్లేడు అంచు బరికి సందు లేకుండా ఆనాలి, నా రోబో బరువు మాత్రం దాని మీద పడకూడదు. ఈ రెండూ ఒకేసారి ఇంకా కుదరడం లేదు.