డబ్బా తిప్పకుండానే ఘనాకారాల పాఠం

ముఖాలు, అంచులు, శీర్షాలు అంటూ లెక్కపెడుతూ కూర్చుంటే ఆటల పీరియడ్ కాస్తా అయిపోతుంది. ఈ చిట్కాలు పట్టుకోండి, పాఠం చిటికెలో తేలిపోతుంది.

1. వస్తువును ముట్టుకోకండి. సార్ అగ్గిపెట్టె తెమ్మంటే "మా ఇంట్లో లైటరే వాడతాం సార్" అనండి. సుద్దముక్కల డబ్బా మీ బెంచీ దాకా వస్తే పక్కవాడికి అందించేయండి. చేతిలో ఉంటే తిప్పబుద్ధవుతుంది. తిప్పితే వెనకవైపు కూడా ఉందని తెలుస్తుంది. అక్కడే పని పెరుగుతుంది.

2. పుస్తకంలో బొమ్మ చూసి కనిపించినవే లెక్కపెట్టండి. సమఘనానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలని కష్టపడేవాళ్లు రాస్తారు. బొమ్మలో కనిపించేవి 3 ముఖాలు, 9 అంచులు, 7 శీర్షాలే. మీ నోట్సులో చుక్కల గీతలుంటే రబ్బరుతో చెరిపేయండి. అవి దాగున్న అంచులు, వాటితో మనకేం పని? ఆయిలర్ సూత్రం ప్రకారం ముఖాలూ శీర్షాలూ కలిపి, అంచులు తీసేస్తే 2 రావాలి. మీకు 3 + 7 − 9 = 1 వస్తుంది. కంగారు పడకండి. ఆ 1కి పైనా కిందా కాస్త వంపు తిప్పండి, 2 అయిపోతుంది.

3. స్థూపం, శంకువు, గోళం, ఏదడిగినా "గుండ్రం" అని రాయండి. స్థూపానికి రెండు వృత్తాలు, శంకువుకి ఒక వృత్తమూ ఒక మొనా, గోళానికి అసలు అంచే లేదు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం వెట్టిచాకిరీ.

4. సమఘనం వలరూపం గీయమంటే ఆరు చదరాలూ ఒకే వరసలో గీయండి. స్కేలు ఎక్కువసార్లు జరపక్కర్లేదు. ఆరు చదరాలను అంచుకు అంచు కలిపి 35 రకాలుగా పేర్చవచ్చు. మడిస్తే సమఘనమయ్యేవి అందులో 11. మిగతా 24 మీవే. మడిచి చూపించమంటే అట్ట మందంగా ఉందనండి.

5. భుజం 6 సెంటీమీటర్లున్న సమఘనం దొరికితే వదలకండి. దాని ఉపరితల వైశాల్యం 216 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 216 ఘనపు సెంటీమీటర్లు. యూనిట్లు ఎగ్గొడితే రెండిటికీ ఒకటే జవాబు. భుజం 5 ఇచ్చినా, 10 ఇచ్చినా అదే 216 దించండి.

పరీక్షలో అందరికన్నా ముందు పేపరిచ్చి బయటికొచ్చేయండి. పుస్తకం మాత్రం పారేయకండి, వచ్చే ఏడాదీ మీకు అదే తరగతి.