గగనగురి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: బంతి నడుమ నుండఁగా, రెక్కలు వలయమును నింపఁగా, శత్రువునకు ముందు గుఱిపెట్టి క్షణమాత్రము నొక్కునది.

టీక: బంతి = కాక్‌పిట్‌లో వంపు గాజుగొట్టంలో దొర్లే గోళం; నడుమ నుండఁగా = పెడళ్లు తొక్కి విమానం పక్కకు జారకుండా నిలపగా; రెక్కలు = శత్రు విమానానివి, తనవని భ్రమించరాదు; వలయము = గన్‌సైట్ గాజు మీద వెలిగే గుండ్రం; ముందు = వాడున్నచోట కాక, తూటా వెళ్లేసరికి వాడు చేరే చోట; క్షణమాత్రము = ఒకటి రెండు సెకన్లు. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ మార్క్ 1లో ఎనిమిది తుపాకులు, ఒక్కోదానికి 300 తూటాలు. ట్రిగ్గర్ ఆగకుండా నొక్కితే పదిహేను సెకన్లకే సరి.

తాత్పర్యం: 2001 నాటి ఐఎల్-2 స్టర్మోవిక్ వంటి విమానయుద్ధ కంప్యూటర్ ఆటల్లో గురి వేలి విద్య కాదు, విమానం నడిపే విద్య అని సూత్రకారుడి ఆశయం. తుపాకులు విమానానికే బిగించి ఉంటాయి గనుక విమానాన్ని తిప్పడమే తుపాకిని తిప్పడం. బంతి పక్కకు పోయిందంటే ముక్కు ఒకవైపు, ప్రయాణం మరొకవైపు. తూటా విమానవేగాన్ని కూడా మోసుకుపోతుంది గనుక గురి గాజులోనే మిగులుతుంది. ఇక దూరం సంగతి. సెకనుకు 100 మీటర్ల వేగంతో అడ్డంగా పోయే శత్రువును 300 మీటర్ల నుంచి కొట్టాలంటే, తూటాకు పట్టే 0.4 సెకన్లలో వాడు 40 మీటర్లు జరుగుతాడు. అంటే నాలుగు స్పిట్‌ఫైర్‌ల పొడవు ముందుకు గురిపెట్టాలి. అదే 100 మీటర్లకు చేరితే ఒకటిన్నర పొడవు చాలు. అంచనాలో తప్పు అంతమేరకు తగ్గుతుంది. అంత దగ్గరికి చేర్చేది ట్రిగ్గర్ కాదు, వేగాన్నీ ఎత్తునూ పొదుపుగా వాడుకున్న నడక.

ఆక్షేప సమాధానాలు: జర్మన్ యుద్ధవిమానం మెస్సర్‌ష్మిట్ 109 ముక్కు తుపాకికి రెక్క తుపాకుల్లా తూటాలు ఒకచోట కలిసే దూరం చూసుకునే పని లేదు, కాబట్టి దూరం నుంచే కాల్చవచ్చునని కొందరంటారు. అది సగమే నిజం. తూటా కిందికి వాలడమూ, శత్రువు ముందుకు జరగడమూ ముక్కు తుపాకికీ తప్పవు. అమెరికన్ యుద్ధవిమానం పి-51డి మస్టాంగ్‌లోని కె-14 గైరో గన్‌సైటే ఆ ముందు దూరాన్ని లెక్కగడుతుంది కదా అని మరికొందరు. గడుతుంది, అయితే శత్రువు రెక్కల వెడల్పు ముందే అమర్చి, రెక్కల కొసలకు వలయాన్ని సరిపెట్టి, కుదుపు లేకుండా వెంట నడిచినవాడికే. కుదిపితే వలయమే తూలుతుంది. కాబట్టి యంత్రం కూడా సూత్రాన్నే సమర్థిస్తోంది.

కనుక సిద్ధాంతం: గురి తప్పినవాడు జాయ్‌స్టిక్‌ను నిందించే ముందు బంతి ఎక్కడుందో చూసుకోవాలి.